మూడు బోర్డర్లు కలిస్తే

(ప్రపంచ హృదయ దినోత్సవం సందర్భంగా, భీమవరం దగ్గరలోని ఒక ఊరి గ్రంథాలయంలో ఒక జనరల్ ఫిజీషియన్ చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నా చేతిలో ఈ కవరు చూశారా? బట్టల కొట్లో ఇచ్చే ప్లాస్టిక్ కవరు. మా నాన్నగారిది. 1994 నుంచి మా ఇంట్లోనే ఉంది. మీలో చాలామంది ఇలాంటి కవర్లోనే రిపోర్టులు పెట్టుకుని మా దగ్గరికొస్తారు. ఇందులో మూడు చీటీలున్నాయి. చదువుతాను వినండి.

మొదటిది బీపీ, 146/92. పక్కన ఉప్పు తగ్గించమని డాక్టరుగారు రాశారు. రెండోది షుగరు, పరగడుపున 122. మూడోది కొలెస్ట్రాల్, 228. ఏడాది వ్యవధిలో మూడు వేరువేరు చోట్ల చేయించుకున్న పరీక్షలివి. మూడు చోట్లా నాన్నకి చెప్పిన మాట ఒకటే, "బోర్డర్‌లో ఉంది మాస్టారూ, పర్లేదు" అని. అప్పటి లెక్కల ప్రకారం ఎవరూ తప్పు చెప్పలేదు కూడా. ఆ రోజుల్లో పరగడుపు షుగరు 140కి చేరితేనే జబ్బు. ఆ గీతని 126కి దించింది 1997లో. ఇక ఆయన రోజుకి నాలుగైదు సిగరెట్లు కాల్చేవారు. ఆ సంగతి ఈ మూడు చీటీల్లో దేనిమీదా లేదు.

ఆ ఏడాది డిసెంబరులో ఒక తెల్లవారుజామున గుండెపోటు వచ్చింది. ఆసుపత్రికి చేరేలోపే పోయారు. ఆయనకి 52 ఏళ్ళు. నేనప్పుడు ఎంబీబీఎస్ రెండో సంవత్సరం.

నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఈ మూడు చీటీలూ బల్ల మీద పక్కపక్కన పరిచి, "మాస్టారూ, వీటిని విడివిడిగా చూడకండి, కలిపి లెక్క కట్టండి" అని ఎవరైనా ఒక్కరు చెప్పి ఉంటే, మిగతాది ఆయన నోటితోనే చేసేసేవారు. ఈవేళ నేను చెప్పడానికి వచ్చింది ఆ లెక్కే.

బోర్డర్ అనే మాట వింటే మనకి ఎక్కడలేని ఊరట. గీతకి ఇవతలే ఉన్నాం కదా అని. కానీ ఆ గీతలు డాక్టర్లు తమ వీలుకోసం గీసుకున్నవి. మందు ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకోవడానికి ఒక గీత కావాలి, అంతే. రక్తనాళానికి ఆ గీత తెలీదు. బీపీ పై అంకె 115 దగ్గర్నుంచే ముప్పు మెల్లగా పెరుగుతూ పోతుంది. పది లక్షల మంది వివరాలు ఒకచోట చేర్చి 2002లో ఒక విశ్లేషణ వచ్చింది. 40 నుంచి 69 ఏళ్ళవాళ్ళలో పై అంకె 20 పెరిగినప్పుడల్లా గుండెజబ్బుతో గానీ పక్షవాతంతో గానీ చనిపోయే ముప్పు రెట్టింపు అవుతోందని అందులో తేలింది. 139 దగ్గర నిశ్చింతగా ఉండి 141 దగ్గర హఠాత్తుగా ప్రమాదం మొదలవడం అంటూ ఏమీ లేదు.

ఈ సంగతి పెద్ద పెద్దవాళ్ళకీ తెలియని కాలం ఒకటుంది. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కి 1944 మార్చిలో బీపీ చూస్తే 186/108. వయసుకి తగ్గట్టే ఉందన్నాడు ఆయన సొంత వైద్యుడు. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తనాళం చిట్లి ఆయన చనిపోయిన రోజున బీపీ 300/190. అంతటి మనిషికే దిక్కు లేకపోయింది. మూడేళ్ళ తర్వాత, 1948లో, అక్కడి ప్రభుత్వం మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊరిని ఎంచుకుంది. 5,209 మంది ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ రెండేళ్ళకోసారి పిలిచి పరీక్షించడం మొదలుపెట్టారు. ఎవరికి గుండెపోటు వస్తోంది, ఎవరికి రావడం లేదు, తేడా ఎక్కడుంది అని చూస్తూ పోయారు. తర్వాత వాళ్ళ పిల్లల్ని, మనవల్ని కూడా చేర్చుకున్నారు. మనం ఇవాళ రిస్క్ ఫ్యాక్టర్ అంటున్నామే, ఆ మాట 1961లో ఆ అధ్యయనం నుంచి వచ్చిన పేపరుతోనే వైద్యంలో నాటుకుంది.

సరే, అది తెల్లవాళ్ళ ఊరు. మన సంగతేమిటి? దానికి జవాబు 2004లో వచ్చింది. ఇంటర్‌హార్ట్ అని, మన దేశంతో సహా 52 దేశాల్లో చేసిన అధ్యయనం. దాన్ని నడిపించిన డాక్టర్ సలీం యూసఫ్ కేరళలో పుట్టి, బెంగళూరులో వైద్యం చదివి, కెనడాలో స్థిరపడినవారు. మొదటిసారి గుండెపోటు వచ్చిన 15,000 మందికి పైగా రోగుల్ని తీసుకుని, దాదాపు అంతేమంది గుండెపోటు రానివాళ్ళతో పోల్చి చూశారు.

ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి. ఈవేళ్టికి అసలు సంగతి ఇదే. పొగతాగేవాళ్ళకి గుండెపోటు అవకాశం, తాగనివాళ్ళతో పోలిస్తే, 2.87 రెట్లు. షుగరు ఉన్నవాళ్ళకి 2.37 రెట్లు. బీపీ ఉన్నవాళ్ళకి 1.91 రెట్లు. మూడూ ఒకే మనిషిలో ఉంటే? కూడితే ఏడు చిల్లర వస్తుంది. కానీ మూడూ ఉన్నవాళ్ళని, మూడూ లేనివాళ్ళతో పోల్చి చూస్తే అధ్యయనంలో వచ్చింది 13 రెట్లు. ఫోన్లో క్యాలిక్యులేటర్ ఉన్నవాళ్ళు తీసి 2.87 ఇంటూ 2.37 ఇంటూ 1.91 కొట్టి చూడండి.

(సభలో ఒకరు: పన్నెండు పాయింట్ తొంభై తొమ్మిది.)

అదీ. దాదాపు 13. అవి ఒకదాన్నొకటి కూడుకోవడం లేదు, గుణించుకుంటున్నాయి. వీటికి తోడు చెడు, మంచి కొలెస్ట్రాల్ కణాల నిష్పత్తి కూడా బాగా చెడి ఉంటే ఆ 13 కాస్తా 42 అయింది.

ఎందుకు గుణించుకుంటాయి? మనది కాలవల దేశం, మీకు నేను చెప్పాలా? కాలవ నిండా నీరున్నా గట్టు గట్టిగా ఉంటే గండి పడదు. గట్టుకి ఎలక కన్నాలున్నా, కాలవలో నీరు మోకాలిలోతే ఉంటే గండి పడదు. కన్నాలున్న గట్టుకి నిండు కాలవ తోడైతే? తెల్లారేసరికి చేలు మునిగిపోతాయి. రక్తనాళం లోపలి పొరని బీపీ ఒత్తిడి గాయపరుస్తుంది. గాయపడిన చోట చెడు కొలెస్ట్రాల్ లోపలికి దూరుతుంది. షుగరు ఆ పొరని మాననివ్వదు. అలా పేరుకున్న పూడిక ఒకరోజు పగిలినప్పుడు, పొగాకు రక్తాన్ని తొందరగా గడ్డ కట్టిస్తుంది. ఒక్కోటీ ఇంకోదానికి దారి చేసి పెడుతోంది. అందుకే 'కాస్త' బీపీ, 'కాస్త' షుగరు, 'కాస్త' కొలెస్ట్రాల్ ఉన్న మనిషి గురించి, బీపీ ఒక్కటే బాగా ఎక్కువున్న మనిషి కంటే నాకు టెన్షన్ ఎక్కువ. బీపీ ఎక్కువున్న ఆయన ఎలాగూ మందు వాడతాడు. ఈయన ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోతాడు.

(ప్రశ్న: డాక్టరుగారూ, నేను పోయిన నెల హెల్త్ చెకప్ మొత్తం చేయించుకున్నానండి. ఈసీజీ, టూడీ ఎకో రెండూ నార్మల్ అన్నారు. అంటే నాకు రిస్క్ లేనట్టే కదండీ?)

మంచి ప్రశ్న అడిగారు బాబాయి గారూ. వారంలో పదిమందైనా నన్ను అడుగుతారు. ఈసీజీ చెప్పేది ఈ నిమిషంలో గుండె ఎలా కొట్టుకుంటోందో, ఇదివరకు దెబ్బ తగిలిందో లేదో. ఎకో చెప్పేది గుండె కండరం, కవాటాలు ఎలా పనిచేస్తున్నాయో. రేపటి సంగతి ఆ రెండూ చెప్పవు. ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా, నాళం బాగా ఇరుకైతేనే పట్టుకుంటుంది. చాలా గుండెపోట్లు వచ్చేది సగం కూడా మూసుకుపోని చోట. అక్కడున్న మెత్తటి పూడిక పగిలి, దానిమీద రక్తం గడ్డ కట్టి, నిమిషాల్లో దారి మూసేస్తుంది. మొన్నటిదాకా అక్కడ రక్తం ధారాళంగానే పారుతోంది కాబట్టి పరీక్షల్లో ఏమీ కనపడదు. మీరు ఆ రిపోర్టులు పారేయకండి. వాటితోపాటు మీ వయసు, బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, పొగాకు అలవాటు, ఈ ఐదూ ఒకే కాగితం మీద రాసుకుని తీసుకురండి. నాకు కావాల్సింది ఆ కాగితం.

ఆ కాగితంతో మేమేం చేస్తాం? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో కొత్త పట్టికలు విడుదల చేసింది. దక్షిణాసియాకి విడిగా ఉంది. ఆడవాళ్ళకి, మగవాళ్ళకి, పొగ తాగేవాళ్ళకి, తాగనివాళ్ళకి, షుగరు ఉన్నవాళ్ళకి, లేనివాళ్ళకి వేరే వేరే గళ్ళు. 40 నుంచి 74 ఏళ్ళవాళ్ళకి పనికొస్తుంది. మీ వయసు, బీపీ, కొలెస్ట్రాల్ పట్టుకుని గడి వెతికితే, వచ్చే పదేళ్ళలో గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చే అవకాశం నూటికి ఎంతో అక్కడ ఉంటుంది. 5 లోపయితే ఆకుపచ్చ, అక్కణ్ణుంచి పసుపు, నారింజ, ఎరుపు, 30 దాటితే ముదురెరుపు. రక్తపరీక్ష చేయించుకునే వీలు లేకపోతే, కొలెస్ట్రాల్, షుగరు బదులు ఎత్తుకి తగ్గ బరువు చూసి చెప్పే పట్టిక కూడా ఉంది. మీ ఇంటికి ఆశా కార్యకర్త వచ్చి, 30 దాటిన వాళ్ళందర్నీ కూర్చోబెట్టి, టేపుతో నడుము కొలిచి, చుట్ట, తాగుడు, నడక, ఇంట్లో ఎవరికైనా బీపీ షుగరు గుండెజబ్బు ఉన్నాయా అని అడిగి మార్కులు వేస్తుంది కదా, అదీ ఈ కలిపి చూడటమే. నాలుగు మార్కులు దాటితే ముందుగా పరీక్షలకి పంపాలని. దయచేసి ఆ అమ్మాయికి నిజం చెప్పండి. చుట్ట కాలుస్తూ లేదని చెప్పిన మామ్మగార్లు నాకు చాలామంది తెలుసు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక మామ్మగారు అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటుని అసలు పొగతాగడం కిందే లెక్కేసుకోలేదు.

ఈ పట్టికలకి ఒక లోటుంది, అది కూడా చెప్పాలి. పదేళ్ళ లెక్క కాబట్టి చిన్నవయసువాళ్ళకి ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. హైదరాబాదులో ఉద్యోగం చేసే 36 ఏళ్ళ మీ అబ్బాయికి బొజ్జ, బోర్డర్ షుగరు, రోజుకి పది సిగరెట్లు ఉన్నా లెక్కలో చిన్న అంకే వస్తుంది. వయసు తక్కువ కదా. కానీ ఇంటర్‌హార్ట్‌లో మన దక్షిణాసియా వాళ్ళకి మొదటి గుండెపోటు వచ్చిన వయసు మధ్యస్థంగా 53. మిగతా దేశాలవాళ్ళకి దాదాపు 59. మనకి ఆరేళ్ళు ముందే వస్తోంది. మనవాళ్ళ జన్మలో ఏదో శాపం ఉందని కాదు. అవే రిస్కులు మనలో ముందుగా మొదలవుతున్నాయి, అంతే. పల్లెటూళ్ళో ఇవి ఉండవనుకునే రోజులు కూడా పోయాయి. మన గోదావరి జిల్లాల్లోనే 45 ఊళ్ళలో 2003-04లో జరిగిన మరణాలన్నిటికీ కారణాలు వెతికితే, దాదాపు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బులవే.

పట్టికలో లేనివి మీరు నోరు తెరిచి డాక్టరుకి చెప్పాలి. నాన్నకో అన్నదమ్ములకో 55 లోపు, అమ్మకో అక్కచెల్లెళ్ళకో 65 లోపు గుండెపోటు వచ్చిందా? కిడ్నీ జబ్బుందా? కీళ్ళవాతం ఉందా? అమ్మా, మీకు కడుపుతో ఉన్నప్పుడు బీపీ గానీ షుగరు గానీ వచ్చిందా? పురుడయ్యాక తగ్గిపోయిందని మర్చిపోతారు. ముప్పై ఏళ్ళ తర్వాత కూడా దానికి లెక్క ఉంది. నెలసరి 40 లోపే ఆగిపోయినా చెప్పండి. లైపోప్రోటీన్-ఎ అని ఒక రక్తపరీక్ష ఉంది, పుట్టుకతో వచ్చేది, జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. ఇంట్లో చిన్నవయసు గుండెపోట్లు ఉన్నవాళ్ళు దాని గురించి అడగండి.

నడుము సంగతి. మగవాళ్ళని కొలత అడిగితే ప్యాంటు సైజు చెబుతారు. ముప్పై నాలుగండీ అంటారు. ప్యాంటు బొజ్జ కిందకి జారి ఉంటుంది కదా! ఇదుగో, ఇక్కడ, ఆఖరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, ఊపిరి బిగబట్టకుండా కొలవాలి. మనవాళ్ళకి మగవాళ్ళయితే 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళయితే 80. దాటితే లోపల కొవ్వు పేరుకుంటోందని లెక్క.

ఇక తగ్గించే మాట. గుణకారం మనకి శత్రువని ఇందాకటినుంచీ చెబుతున్నాను. వెనక్కి తిరిగేటప్పుడు అదే మనకి సాయం చేస్తుంది. బీపీ పై అంకె 10 తగ్గితే గుండె, రక్తనాళాల పెద్ద ప్రమాదాలు దాదాపు అయిదోవంతు తగ్గుతాయి. చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, 39 మిల్లీగ్రాములు తగ్గితే ఇంకో అయిదోవంతు. మొత్తం వంద ఉందనుకోండి, మొదటిది 80కి దించుతుంది, రెండోది ఆ 80ని 64కి దించుతుంది. ఏ ఒక్క అంకెనీ నేలకి దించక్కర్లేదు. అన్నిటినీ కొంచెం కొంచెం దించండి.

డెన్మార్క్‌లో ఇది చేసి చూపించారు. స్టెనో అనే డయాబెటిస్ కేంద్రంలో, షుగరు ఉండి మూత్రంలో ప్రోటీన్ కొద్దిగా పోతున్న 160 మందిని తీసుకున్నారు. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగానికి షుగరు, బీపీ, కొలెస్ట్రాల్, తిండి, వ్యాయామం, పొగ మానడం అన్నీ ఒకేసారి, పట్టుదలగా. దాదాపు ఎనిమిదేళ్ళు. రెండో గుంపులో గుండె, రక్తనాళాల ప్రమాదాలు సగానికి పడిపోయాయి. 2003లో ఆ ఫలితం వచ్చింది. ఆ మనుషుల్నే 21 ఏళ్ళదాకా గమనిస్తే, ఆ గుంపువాళ్ళు మధ్యస్థంగా 7.9 ఏళ్ళు ఎక్కువ బతికారు. ఈ అంకె చదివిన రోజు నేను చాలాసేపు మా నాన్న గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఎనిమిదేళ్ళంటే మా చెల్లి పెళ్ళి చూసేవారు. నా క్లినిక్ చూసేవారు.

మందుల దగ్గర మనవాళ్ళు రెండు మాటలంటారు. ఒకటి, "మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలట కదండీ" అని. మందు మనల్ని కట్టిపడేయడం లేదండీ. బీపీ జీవితాంతం ఉండేది కాబట్టి మందు ఉంటోంది. కళ్ళజోడు పెట్టుకుంటే చూపు పాడవుతుందని ఎవరూ అనరు కదా. రెండోది, "రిపోర్టు నార్మల్ వచ్చింది, ఆపేశాను" అని. నార్మల్ వచ్చింది మందు వేసుకోబట్టే. ఆపిన నెలకి మళ్ళీ చూడండి ఎక్కడుంటుందో. ఒళ్ళు నొప్పులనో, ఇంకేదో ఇబ్బందనో అనిపిస్తే ఆపేయకుండా వచ్చి చెప్పండి, మోతాదు మారుస్తాం, మందు మారుస్తాం. ఒక్కటి మాత్రం సొంతంగా వేసుకోకండి. గుండెకి మంచిదని పక్కింటాయన చెప్పాడని రోజూ ఎకోస్ప్రిన్, అంటే ఆస్పిరిన్ మాత్ర, వేసుకునేవాళ్ళున్నారు. గుండెపోటు వచ్చినవాళ్ళకీ స్టెంటు పడ్డవాళ్ళకీ అది ప్రాణం కాపాడే మందే, వాళ్ళు ఆపకూడదు. ఏమీ రానివాళ్ళకి దానివల్ల వచ్చే లాభాన్ని రక్తస్రావం ముప్పు మింగేస్తోందని 2018లో వచ్చిన మూడు పెద్ద అధ్యయనాలు చూపించాయి.

పొగాకు విషయంలో తగ్గించాను అనే మాట చెల్లదు. రోజుకి ఒక్క సిగరెట్టు కాల్చినా, ఇరవై కాల్చేవాళ్ళకి ఉండే అదనపు గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం ఉంటుంది. పూర్తిగా మానేస్తే మాత్రం ఏడాదికే ఆ అదనపు ముప్పు సగానికి దిగుతుంది. నా చేతిలో ఉన్న ఏ మాత్రా ఇంత తొందరగా ఇంత పని చేయదు.

ఉప్పు. రోజుకి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా. మనిషికి, రోజు మొత్తానికి. నేను ఆవకాయ మానేయమని చెప్పను, నేనూ తింటాను. కానీ మొన్న ఒక పెద్దాయన్ని మధ్యాహ్నం ఏం తిన్నారని అడిగాను. పప్పులోకి ఆవకాయ, అప్పడం. పులుసులోకి వడియాలు. పెరుగన్నంలోకి ఊరమిరపకాయ, పైగా ఆ అన్నంలో ఉప్పు. కూరలో ఉప్పు తగ్గించామండీ అని వాళ్ళావిడ నాకు నమ్మకంగా చెప్పింది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. కూర ఒక్కటే చూసుకుంది, కంచం మొత్తం చూసుకోలేదు. ఒక పూటకి ఒక్కటి పెట్టుకోండి. ఆవకాయ ఉన్నరోజు అప్పడం వద్దు. సోడియం తక్కువున్న ఉప్పు కూడా దొరుకుతోంది. చైనాలో 600 ఊళ్ళలో అది వాడి చూస్తే పక్షవాతాలు తగ్గాయి. కానీ అందులో పొటాషియం ఉంటుంది, కిడ్నీ జబ్బున్నవాళ్ళు, కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు అడక్కుండా వాడకూడదు. నడక సంగతి మీకు తెలిసిందే, వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగేలా గానీ పాట పాడలేనంత వేగంగా.

ఇప్పుడు ఆ మూల బల్ల దగ్గర మా సిస్టర్లు ఇద్దరున్నారు. అందరికీ ఒక్కో కాగితం ఇస్తారు. ఐదు గళ్ళున్నాయి, వయసు, బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, పొగాకు. షుగరు, కొలెస్ట్రాల్ ఇంట్లో రిపోర్టులు చూసి నింపుకోండి. బీపీ ఇక్కడే చూస్తారు. వెళ్ళగానే చెయ్యి చాపకండి. ముందు ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి కుర్చీలో కూర్చోండి. కాలుమీద కాలు వద్దు. చూస్తున్నంతసేపు మాట్లాడకండి. చొక్కా చెయ్యి పైకి లాగితే బిగుసుకుంటుంది, తీసేయడమే మంచిది. రెండుసార్లు చూస్తారు, రెండూ రాయించుకోండి. ఇందాక బయట కాఫీ తాగినవాళ్ళు అరగంట ఆగి రండి, నేను ఇక్కడే ఉంటాను.